మూడో సెంటర్‌కి ఎంత ఇవ్వాలి?

2025 మార్చి 6న ఫ్లోరిడా పాంథర్స్ ఐస్ హాకీ జట్టు సాన్ హోసే షార్క్స్ నుంచి నికో స్టర్మ్ అనే సెంటర్‌ని తెచ్చుకుంది. బదులుగా ఇచ్చింది ఒక నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ పిక్. అతనితోపాటు సాన్ హోసేయే ఒక ఏడో రౌండ్ పిక్ కూడా కలిపి పంపింది. మర్నాడు ట్రేడ్ గడువు ముగిసింది. ఆ రోజే టొరాంటో మేపుల్ లీఫ్స్ ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ నుంచి స్కాట్ లాటన్ అనే మరో సెంటర్‌ని తెచ్చుకుంది. అందుకోసం షరతులతో కూడిన 2027 మొదటి రౌండ్ పిక్‌నీ, నికితా గ్రెబెంకిన్ అనే యువ వింగర్‌నీ వదులుకుంది. ఫిలడెల్ఫియా లాటన్ జీతంలో సగం తానే భరించి, రెండు చిన్న పిక్‌లు కూడా తిరిగి ఇచ్చింది.

ఇద్దరూ ముప్పై ఏళ్ల దరిదాపుల్లో ఉన్నవాళ్లే. ఇద్దరూ జట్టులో మూడో నాలుగో వరుసల్లో ఆడే సెంటర్లే. ఒకరికి నాలుగో రౌండ్ ధర, మరొకరికి మొదటి రౌండ్ ధర. రెండు నెలల తర్వాత ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో ఈ రెండు జట్లే తలపడ్డాయి. ఏడో ఆట దాకా వెళ్లిన ఆ పోరులో సొంత మైదానంలోనే టొరాంటో 6-1 తేడాతో ఓడిపోయింది. ఫ్లోరిడా జూన్‌లో స్టాన్లీ కప్ గెలిచింది.

ఈ రెండు బేరాలనీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేయడం తేలికే కానీ, ఆ తీర్పు నిలవదు. ఫ్లోరిడాని గెలిపించింది అలెగ్జాండర్ బార్కోవ్, శామ్ బెనెట్, బ్రాడ్ మార్షాండ్, సెర్గీ బొబ్రోవ్‌స్కీ లాంటివాళ్లు. స్టర్మ్ ప్లేఆఫ్స్‌లో అన్ని ఆటలూ ఆడనే లేదు. అయినా ఈ జంట బేరాల్లో ఒక పాత ప్రశ్న తేటగా కనిపిస్తుంది. కప్పు మీద ఆశ ఉన్న జట్టు సీజన్ మధ్యలో ఒక మూడో సెంటర్ కోసమో నాలుగో సెంటర్ కోసమో తన భవిష్యత్తులో కొంత ఇచ్చుకోవాలా? ఇచ్చుకుంటే ఎంతవరకు? ఉత్తర అమెరికా నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్)లో ఏటా చలికాలం చివర ఈ వాదన రేగుతుంది. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు వెతకడమే పొరపాటని నా అభిప్రాయం. ముప్పై ఏళ్ల చరిత్ర తిరగేస్తే, తేడా వచ్చింది కొన్నారా లేదా అన్న దగ్గర కాదు, ఏ ధరకి కొన్నారు, ఆ ధర ఏ రూపంలో చెల్లించారు అన్న దగ్గర.

గడ్డి మైదానపు హాకీకి అలవాటుపడిన మన పాఠకుల కోసం కొంచెం వివరం అవసరం. ఐస్ హాకీలో ఒక ఆటకి పద్దెనిమిది మంది ఆటగాళ్లూ ఇద్దరు గోలీలూ సిద్ధమవుతారు. పద్దెనిమిదిలో పన్నెండు మంది ఫార్వర్డ్‌లు. ముగ్గురు ముగ్గురు చొప్పున నాలుగు వరుసలు, ప్రతి వరుసకీ నడుమ ఒక సెంటర్, అటూ ఇటూ వింగర్లు. ముక్కాలు నిమిషం పాటు ప్రాణం పెట్టి ఆడి ఒక వరుస బెంచికి వెళ్తే మరో వరుస దిగుతుంది. మొదటి ఇద్దరు సెంటర్లు సాధారణంగా జట్టు తారలు. మూడో నాలుగో స్థానాల వాళ్లనే డెప్త్ సెంటర్లు అంటారు. ఆట ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ పక్ కోసం జరిగే ఫేస్‌ఆఫ్ సెంటర్ పని. తన గోల్ ముందుకి తిరిగి వచ్చి డిఫెన్స్‌మన్‌లకి సాయపడటం అతని పనే. జట్టులో ఒకరు పెనాల్టీ పడి బయట కూర్చున్నప్పుడు తక్కువ మందితో కాచుకునే పెనాల్టీ కిల్ భారమూ చాలావరకు ఇతని మీదే పడుతుంది. వింగర్‌ని సెంటర్‌గా మార్చడం కష్టం, సెంటర్‌ని వింగర్‌గా ఆడించడం తేలిక. సెంటర్ల ధర ఎప్పుడూ ఒక మెట్టు పైన ఉండటానికి కారణం ఇదే.

ట్రేడ్ అంటే ఐపీఎల్‌లో జరిగే అదలాబదలీ లాంటిదే. కాకపోతే ఐపీఎల్‌లో అది సీజన్‌కి ముందే ముగుస్తుంది, ఇక్కడ సీజన్ మూడొంతులు గడిచాక ఉధృతమవుతుంది. కప్పు ఆశ లేని జట్లు అమ్ముతాయి, ఆశ ఉన్నవి కొంటాయి. ఇప్పుడు డబ్బుతో కొనడానికి వీల్లేదు. చెల్లింపంతా ఆటగాళ్ల రూపంలోనో, రాబోయే వేసవుల్లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే హక్కు రూపంలోనో జరగాలి. ఆ హక్కులే డ్రాఫ్ట్ పిక్‌లు. వీటన్నిటి మీదా శాలరీ క్యాప్ కూర్చుని ఉంటుంది. 2005-06లో 3 కోట్ల 90 లక్షల డాలర్లతో మొదలైన ఈ జీతాల పరిమితి 2025-26కి 9 కోట్ల 55 లక్షలకి చేరింది. టొరాంటోలోనో, డాలస్ స్టార్స్ ప్రాక్టీసు రింక్ ఉన్న ఫ్రిస్కోలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకి ఈ లెక్కలు మనకి రన్‌రేట్ లెక్కల్లా నోటికి వచ్చేసి ఉంటాయి.

కొనాలనే వాళ్ల వాదనలో నాకు బలంగా కనిపించేది నిమిషాల లెక్క. ఆట మొత్తం అరవై నిమిషాలు. ఎంత గొప్ప సెంటరైనా ఇరవై, మహా అయితే ఇరవై రెండు నిమిషాలు ఆడతాడు. ఇద్దరు తారలు కలిసి నలభై నిమిషాల పైచిలుకు మోస్తారు. మిగిలిన పదిహేను ఇరవై నిమిషాలు మూడో నాలుగో సెంటర్లవి. అంటే ఆటలో పావు వంతుకి పైగా. ఆ సమయంలో గోల్ ఇవ్వకుండా నెట్టుకొస్తే చాలు, తారలు తాజా కాళ్లతో మళ్లీ దిగుతారు. ఎదుటి జట్టు మేటి సెంటర్ మీదకి మూడో సెంటర్‌ని వదలగలిగితే ఇంకా మేలు, సొంత తారలకి ఎదురుగా బలహీనులు దొరుకుతారు. ప్లేఆఫ్స్‌లో ఓవర్‌టైమ్‌కి హద్దు లేదు. గోల్ పడేదాకా ఇరవై నిమిషాల పీరియడ్‌లు సాగుతూనే ఉంటాయి. మూడు వరుసలతో నెగ్గుకొచ్చే జట్టు మే నెల వచ్చేసరికి అలసిపోతుంది. గాయాల సంగతి సరేసరి. రెండో సెంటర్ మోకాలు దెబ్బతిన్నాక ట్రేడ్ గడువు దాటిపోయి ఉంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ఆకులు మిగలవు.

ఈ వాదనకి పెద్ద సాక్షి 1994 న్యూయార్క్ రేంజర్స్. యాభై నాలుగేళ్లుగా కప్పు లేని జట్టు అది. మార్చి 21న, ట్రేడ్ గడువు రోజున, మేనేజర్ నీల్ స్మిత్ జట్టు రూపాన్నే మార్చేశాడు. చక్కటి గోల్ స్కోరర్ టోనీ అమాంటీని షికాగోకి ఇచ్చి స్టెఫాన్ మటోనీ, బ్రయన్ నూనన్‌నీ తెచ్చుకున్నాడు. టాడ్ మార్చంట్ అనే ఇరవై ఏళ్ల సెంటర్‌ని ఎడ్మంటన్‌కి ఇచ్చి క్రెయిగ్ మెక్‌టావిష్‌ని తెచ్చుకున్నాడు. హెల్మెట్ లేకుండా ఆడిన చివరి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు ఈ మెక్‌టావిషే, ముప్పై అయిదు దాటిన సెంటర్. న్యూజెర్సీతో కాన్ఫరెన్స్ ఫైనల్ ఏడో ఆటలో రెండో ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి జట్టుని ఫైనల్‌కి చేర్చింది మటో. జూన్ 14న వాంకూవర్‌తో ఏడో ఆట. రేంజర్స్ 3-2 ఆధిక్యంలో ఉన్నారు, గడియారంలో 1.6 సెకన్లు మిగిలాయి, ఫేస్‌ఆఫ్ రేంజర్స్ గోల్ ముందు. ఎదురుగా నిలబడింది పావెల్ బురే. రేంజర్స్ తరఫున మెక్‌టావిష్ వెళ్లాడు, గెలిచాడు, కప్పు వచ్చింది. డెప్త్ సెంటర్‌ని ఎందుకు కొంటారని అడిగినవాళ్లకి ఆ ఒక్క ఫేస్‌ఆఫ్ చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇదే కథని ఎడ్మంటన్ వైపు నుంచి కూడా చూడాలి. అలా వెళ్లిన మార్చంట్ మెరుపు కాళ్ల సెంటర్‌గా ఎదిగాడు. 1997 మొదటి రౌండ్ ఏడో ఆటలో ఓవర్‌టైమ్ గోల్‌తో బలమైన డాలస్‌ని ఇంటికి పంపాడు. వెయ్యికి పైగా ఎన్‌హెచ్‌ఎల్ ఆటలు ఆడాడు. 2007లో అనహైమ్‌తో కప్పు కూడా గెలిచాడు. మెక్‌టావిష్ మాత్రం న్యూయార్క్‌లో ఆడింది కొన్ని వారాలు, ఆ వేసవిలోనే ఫిలడెల్ఫియాకి వెళ్లిపోయాడు. రేంజర్స్ అభిమాని ఎవరూ ఆ బేరాన్ని తప్పుపట్టరు, పట్టకూడదు కూడా. అయితే ఆ జట్టు ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ కప్పు గెలవలేదు.

ఫేస్‌ఆఫ్ విలువ గురించి గణితజ్ఞులు చెప్పేది వేరు. అప్పట్లో సెయింట్ లారెన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న మైకేల్ షకర్స్, సహచరులతో కలిసి చేసిన పరిశీలనలో, సగటున 76కి పైగా ఫేస్‌ఆఫ్‌లు గెలిస్తే ఒక గోల్ విలువ వస్తుందని తేల్చాడు. సీజన్‌కి 600 ఫేస్‌ఆఫ్‌లు తీసుకునే సెంటర్ 50 శాతం నుంచి 56 శాతానికి మెరుగైతే అదనంగా గెలిచేవి 36. ఒక గోల్‌కి కూడా చాలవు. ఆ లెక్క తప్పని నేను అనను. తన గోల్ ముందు, చివరి నిమిషంలో, ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు తీసుకునే ఫేస్‌ఆఫ్ విలువ సగటు కన్నా చాలా ఎక్కువ. అయితే అలాంటివి ఏడాదికి ఎన్ని వస్తాయి? ఫేస్‌ఆఫ్ శాతం చూసి మొదటి రౌండ్ పిక్ ఇచ్చే మేనేజర్ అరుదైన క్షణానికి రోజువారీ ధర కడుతున్నాడు. ఫేస్‌ఆఫ్‌లో నేర్పరి చవగ్గా దొరికితే తీసుకోవాలి, అంతే. స్టర్మ్‌ని ఫ్లోరిడా తీసుకున్నది అలాగే. 2022లో కొలరాడో కూడా ఇతన్నే మినెసోటా నుంచి, టైసన్ జోస్ట్‌ని ఇచ్చి తెచ్చుకుని కప్పు గెలిచింది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పుట్టిన, ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోని ఆటగాడు నాలుగో వరుస సెంటర్‌గా రెండు వేర్వేరు కప్పు జట్లలో చోటు సంపాదించాడు. రెండుసార్లూ అతని కోసం ఎవరూ ఇల్లు గుల్ల చేసుకోలేదు.

చవక మాట వచ్చింది కాబట్టి క్రిస్ డ్రేపర్ గురించి చెప్పక తప్పదు. 1993లో విన్నిపెగ్ జెట్స్ ఇతన్ని డెట్రాయిట్‌కి ఒక్క డాలర్‌కి ఇచ్చేసింది. డెట్రాయిట్‌లో కర్క్ మాల్ట్‌బీతో, జో కోసర్‌తో, ఆ తర్వాత డారెన్ మెకార్టీతో కలిసి ఎదుటి తారల్ని నలిపేసే గ్రైండ్ లైన్‌కి సెంటర్ అయ్యాడు. నాలుగు కప్పులు గెలిచాడు. 2004లో రక్షణలో మేటి ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీ అందుకున్నాడు. మొదటి ఏడాదే ఇదంతా జరగలేదు. పేరు లేని కుర్రాణ్ని తెచ్చి, ఏళ్ల తరబడి ఓపికగా ఒకే పనిలో పెట్టిన ఫలితం అది. మూడో సెంటర్‌ని కొనడం కన్నా తయారు చేసుకోవడం మేలని వాదించేవాళ్లకి డ్రేపరే మొదటి ఉదాహరణ కావాలి.

ఈ ప్రశ్నకి అన్ని వైపులనుంచీ జవాబిచ్చిన జట్టు షికాగో బ్లాక్‌హాక్స్. అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. 2013 ఏప్రిల్‌లో ముప్పై ఆరేళ్ల మిఖాల్ హంజూస్‌ని సాన్ హోసే నుంచి నాలుగో రౌండ్ పిక్‌కి తెచ్చుకున్నారు. వేగం తగ్గిన మనిషి. అయినా ప్లేఆఫ్స్‌లో ఏకంగా రెండో వరుస సెంటర్‌గా నిలబడ్డాడు, కప్పు వచ్చింది. ఆ ఫైనల్ ఆరో ఆటలో పదిహేడు సెకన్ల తేడాలో పడిన రెండు గోల్స్‌తో బోస్టన్ చేతిలోంచి ఆట జారిపోయింది. రెండో గోల్, కప్పు గోల్, కొట్టింది డేవ్ బోలండ్. అతను షికాగో స్వయంగా డ్రాఫ్ట్ చేసి పెంచుకున్న డెప్త్ సెంటర్. కొన్నవాడూ పనికొచ్చాడు, పెంచుకున్నవాడూ పనికొచ్చాడు.

2015లో ధర పెరిగింది. అరిజోనా నుంచి ఆంట్వాన్ వెర్మెట్ కోసం మొదటి రౌండ్ పిక్, దానితోపాటు క్లాస్ డాల్‌బెక్ అనే యువ డిఫెన్స్‌మన్. వెర్మెట్ వచ్చి నిరాశపరిచాడు. కాన్ఫరెన్స్ ఫైనల్లో అనహైమ్‌తో మూడో ఆటకి కోచ్ జోయెల్ క్వెన్‌విల్ అతన్ని జట్టులోంచే తీసేశాడు. నాలుగో ఆటకి మళ్లీ దింపితే రెండో ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కొట్టాడు. టాంపా బేతో ఫైనల్లో మొదటి ఆట గెలుపు గోల్ అతనిదే, అయిదో ఆట గెలుపు గోల్ కూడా అతనిదే. రెండూ 2-1 ఆటలే. వేసవి రాగానే తిరిగి అరిజోనాకి వెళ్లిపోయాడు. షికాగో ఇచ్చిన పిక్ ముప్పయ్యోది, అంటే ఆ రౌండ్‌లో చిట్టచివరిది. దాంతో అరిజోనా ఎంచుకున్న నిక్ మెర్క్‌లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. మొదటి రౌండ్ పిక్ అన్న పేరు పెద్దదే. అయితే గెలిచే జట్టు ఇచ్చే మొదటి రౌండ్ పిక్ నిజానికి రెండో రౌండ్ అంచున ఉంటుంది. ఓడిపోయే జట్టు చేతిలో అదే పిక్ ఒక తార కావచ్చు. ఒకే కాగితానికి రెండు జట్ల చేతిలో రెండు విలువలు.

మరుసటి ఏడాదే షికాగో అదే ఊపులో చేసిన బేరం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది. 2016 ఫిబ్రవరిలో రెండు వరుసలకి బలం కావాలని మాంట్రియల్ నుంచి డేల్ వైజ్, టొమాస్ ఫ్లైష్‌మన్ అనే ఇద్దరు వింగర్లని తెచ్చుకుంది. బదులుగా ఒక రెండో రౌండ్ పిక్, ఫిలిప్ దానో అనే యువ సెంటర్. దానో అప్పటికి గోల్స్ కొట్టే రకంలా కనిపించలేదు, నాలుగో వరుసలో కొద్ది నిమిషాలు ఆడేవాడు. వైజ్ మిగిలిన పదిహేను లీగ్ ఆటల్లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. షికాగో మొదటి రౌండ్‌లోనే సెయింట్ లూయిస్ చేతిలో ఓడింది. వేసవిలో వైజ్, ఫ్లైష్‌మన్ ఇద్దరూ వెళ్లిపోయారు. దానో మాంట్రియల్‌లో ఎదుటి తారలకి సంకెళ్లు వేసే సెంటర్ అయ్యాడు. ఆ రెండో రౌండ్ పిక్‌తో మాంట్రియల్ డిఫెన్స్‌మన్ అలెగ్జాండర్ రొమానోవ్‌ని ఎంచుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో షికాగోకి జానథన్ టేవ్స్ వెనక నిలబడే నమ్మకమైన సెంటర్ కరువయ్యాడు. జట్టు చేతిలో ఉన్నదే జట్టు వెతుకుతున్నది. ఎక్కువ నిమిషాలు ఆడేవాళ్లని చూసే కళ్లకి కొద్ది నిమిషాలు ఆడే కుర్రాడు కనిపించలేదు.

దానో పేరు టొరాంటో అభిమానులకీ చేదే. 2021 మొదటి రౌండ్‌లో మాంట్రియల్ మీద టొరాంటో 3-1 ఆధిక్యంలో ఉండి ఓడిపోయింది. ఆ ఏడు ఆటల్లో టొరాంటో తార ఆస్టన్ మాథ్యూస్‌ని ఒక్క గోల్‌కి కట్టడి చేసిన పనిలో దానోదే ప్రధాన పాత్ర. ఆ ఏప్రిల్‌లోనే టొరాంటో కొలంబస్ నుంచి నిక్ ఫొలీనో కోసం మొదటి రౌండ్ పిక్ ఇచ్చింది. ఫొలీనో సెంటర్‌గానూ వింగర్‌గానూ ఆడగల అనుభవజ్ఞుడు, మంచి నాయకుడని పేరున్నవాడు. గాయాలతో ఆ సిరీస్‌లో నాలుగు ఆటలే ఆడాడు, గోల్ లేదు. ఆ వేసవిలో బోస్టన్‌కి వెళ్లిపోయాడు. ఒక జట్టు బయటనుంచి కొన్న అనుభవం కుంటుతుంటే, ఎదుటి జట్టులో షికాగో వదిలేసిన సెంటర్ సిరీస్‌ని నడిపించాడు.

బేరం బాగా కుదిరితే ఎలా ఉంటుందో 2020 టాంపా బే చూపించింది. ఆ ఫిబ్రవరిలో న్యూజెర్సీ నుంచి బ్లేక్ కోల్‌మన్ కోసం ఒక మొదటి రౌండ్ పిక్, అంతకు ముందు ఏడాది మొదటి రౌండ్‌లో ఎంచుకున్న నోలన్ ఫూట్. సాన్ హోసే నుంచి బార్క్లే గుడ్రో కోసం మరో మొదటి రౌండ్ పిక్. తారలు కాని ఇద్దరికి ఇంత ధరా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. సెంటర్ యానీ గోర్డ్ అటూ ఇటూ వీళ్లిద్దరినీ పెట్టి టాంపా మూడో వరుస కట్టింది. 2020లో కప్పు, 2021లో మళ్లీ కప్పు. 2021 ఫైనల్ రెండో ఆటలో, రెండో పీరియడ్ ముగిసే క్షణాల్లో, గుడ్రో ఇచ్చిన పాస్‌ని కోల్‌మన్ గాల్లోకి దూకి నెట్లోకి నెట్టిన గోల్ ఆ వరుస స్వభావాన్ని చూపిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒప్పందాలు. గుడ్రో ఏడాది జీతం 9 లక్షల 25 వేల డాలర్లు, కోల్‌మన్‌ది 18 లక్షలు. ఇద్దరికీ ఇంకో ఏడాది మిగిలి ఉంది. టాంపా కొన్నది ఒక వసంతాన్ని కాదు, చవక జీతంతో రెండు వసంతాల్ని. అప్పట్లో కోవిడ్ వల్ల క్యాప్ 8 కోట్ల 15 లక్షల దగ్గర గడ్డకట్టుకుపోయింది కాబట్టి, చవక జీతం మీద మంచి ఆటగాడు రెట్టింపు విలువ చేశాడు.

ఆ విజయం టాంపాకి అలవాటైంది. 2022లో ఒటావా నుంచి నిక్ పాల్‌ని మాథ్యూ జోసెఫ్, నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చుకుంది. టొరాంటోతో ఏడో ఆట 2-1తో గెలిస్తే ఆ రెండు గోల్స్ పాల్‌వే. తర్వాత అతనికి ఏడేళ్ల ఒప్పందం ఇచ్చి ఉంచుకుంది. 2023లో నాష్‌విల్ నుంచి టానర్ జెనో అనే వింగర్ కోసం ఏకంగా అయిదు పిక్‌లు, కేల్ ఫూట్‌ని ఇచ్చింది. మొదటి రౌండ్‌లోనే ఓడింది, ఏడాదిన్నర తిరక్కుండా జెనో వెళ్లిపోయాడు. 2025 మార్చిలో పాత వరుస గుర్తొచ్చి, సియాటిల్‌కి వెళ్లిపోయిన గోర్డ్‌ని, ఒలివర్ బ్యోర్క్‌స్ట్రాండ్‌తో కలిపి, రెండు మొదటి రౌండ్ పిక్‌లు సహా పెద్ద మూట ఇచ్చి వెనక్కి తెచ్చుకుంది. మొదటి రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో అయిదు ఆటల్లో కథ ముగిసింది. ఆ వారంలో డెప్త్ సెంటర్ కోసం మొదటి రౌండ్ ధర చెల్లించిన టాంపా, టొరాంటో రెండూ నాలుగో రౌండ్ ధర చెల్లించిన ఫ్లోరిడా చేతిలోనే ఓడాయి.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. ప్లేఆఫ్స్‌కి వెళ్లేవి పదహారు జట్లు, కప్పు ఒక్కరికే. కాబట్టి మార్చిలో కొన్నవాళ్లలో దాదాపు అందరూ ఓడిపోయే తీరతారు. ఓడారు కనుక బేరం తప్పు అనుకుంటే ఎప్పుడూ ఏదీ కొనకూడదు. 2023లో టొరాంటో సెయింట్ లూయిస్ నుంచి రయన్ ఓరైలీ కోసం ఒక మొదటి రౌండ్, ఒక రెండో రౌండ్, మరికొన్ని పిక్‌లు ఇచ్చింది. సెల్కీ గెలిచిన సెంటర్, 2019 ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడు. నోయెల్ అచారి కూడా అతనితో వచ్చాడు. సెయింట్ లూయిస్ సగం, మధ్యలో మినెసోటా పావు జీతం భరించగా, 75 లక్షల జీతగాడు టొరాంటో ఖాతాలో 18 లక్షల 75 వేలకే కూర్చున్నాడు. టొరాంటో టాంపాని ఆరు ఆటల్లో ఓడించి 2004 తర్వాత మొదటిసారి ఒక రౌండ్ గెలిచింది. తర్వాతి రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో ఓడింది. వేసవిలో ఓరైలీ నాష్‌విల్‌కి, అచారి పిట్స్‌బర్గ్‌కి వెళ్లిపోయారు. అయినా నేను దాన్ని మంచి బేరమే అంటాను. పందొమ్మిదేళ్ల శాపాన్ని తీర్చడంలో ఓరైలీకి వాటా ఉంది. అతను మూడో సెంటర్ పేరుతో వచ్చిన అసలు సిసలు రెండో సెంటర్.

2018 పిట్స్‌బర్గ్ అలా కాదు. సిడ్నీ క్రాస్‌బీ, ఎవ్‌గెనీ మాల్కిన్ వెనక మూడో సెంటర్ కావాలని ఒటావా నుంచి డెరిక్ బ్రసార్డ్‌ని తెచ్చుకుంది. ఒక మొదటి రౌండ్ పిక్, ఇయన్ కోల్, ఫిలిప్ గుస్తావ్‌సన్ అనే యువ గోలీ ఇందులో వెళ్లారు. కాగితం మీద ఇంతకన్నా బలమైన మూడు సెంటర్ల వరుస లేదు. అయితే బ్రసార్డ్ అంతవరకు మొదటి రెండు వరుసల్లో, దాడిలో, ఎదుటివాళ్లకి పెనాల్టీ పడినప్పుడు దక్కే పవర్ ప్లేలో ఆడుతూ వచ్చినవాడు. మూడో వరుసలో తక్కువ నిమిషాలతో, వేరే పనితో అతను ఇమడలేదు. ఏడాది తిరక్కుండా ఫ్లోరిడాకి పంపేశారు. గుస్తావ్‌సన్ తర్వాత మినెసోటాలో మేటి గోలీ అయ్యాడు. మూడో సెంటర్ అంటే కాస్త తగ్గిన రెండో సెంటర్ కాదు. అది వేరే ఉద్యోగం. ఆ ఉద్యోగం ముందే చేస్తున్నవాణ్ని తెచ్చుకోవాలి.

ఆ ఏడాది పిట్స్‌బర్గ్‌ని ఓడించిన వాషింగ్టన్ మూడో సెంటర్ లార్స్ ఎల్లర్. 2016 జూన్‌లో, డ్రాఫ్ట్ రోజుల్లో, మాంట్రియల్ నుంచి రెండు రెండో రౌండ్ పిక్‌లకి తెచ్చుకున్నారు. 2018 ఫైనల్ అయిదో ఆటలో కప్పు గోల్ కొట్టింది ఎల్లరే. కప్పు గెలిచిన మొదటి డెన్మార్క్ ఆటగాడు కూడా అతనే. అంతకు ముందు 2016లో గెలిచిన పిట్స్‌బర్గ్ చేసిందీ ఇలాంటి పనే. నిక్ బొనీనోని 2015 వేసవిలో వాంకూవర్ నుంచి ట్రేడ్‌లో తెచ్చుకుంది. అతను వాషింగ్టన్‌ని ఇంటికి పంపిన ఓవర్‌టైమ్ గోల్ కొట్టాడు, ఫైనల్ మొదటి ఆట గెలుపు గోల్ కూడా అతనిదే. నాలుగో సెంటర్ మాట్ కలెన్ ఏ పిక్ లేకుండా, ఎవరినీ ఇవ్వకుండా, ఆగస్టులో 8 లక్షల డాలర్లకి ఒప్పుకుని వచ్చాడు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో కప్పు ఎత్తాడు. వేసవిలో అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తొందరలో ఉండరు. కొత్త ఆటగాడికి కోచ్ పద్ధతి ఒంటబట్టడానికి ఎనభైకి పైగా ఆటలు దొరుకుతాయి. మార్చిలో వచ్చినవాడికి దొరికేవి ఇరవై.

లాటన్‌కి దొరికినవీ ఆ ఇరవై ఆటలే. వాటిలో అతని పేరు మీద గోల్స్, అసిస్ట్‌లు కలిపి నాలుగు పాయింట్లు, పదమూడు ప్లేఆఫ్స్ ఆటల్లో గోల్ లేదు. మొదట మూడో వరుసలో ప్రయత్నించి, కుదరక నాలుగో వరుసకి మార్చారు. అక్కడ, పెనాల్టీ కిల్‌లో, అతను నిజాయితీగా పని చేశాడు. అప్పటికి ఒప్పందంలో ఇంకో ఏడాది మిగిలి ఉండింది, సగం జీతం ఫిలడెల్ఫియాదే. కాబట్టి కోల్‌మన్, గుడ్రోల బేరంలోని తెలివి కొంత ఇందులోనూ ఉంది. నన్ను కలవరపెట్టేది అదే రోజు టొరాంటో చేసిన రెండో బేరం. బోస్టన్ నుంచి డిఫెన్స్‌మన్ బ్రాండన్ కార్లో కోసం మరో మొదటి రౌండ్ పిక్‌తో కలిపి ఫ్రేజర్ మింటెన్ అనే ఇరవై ఏళ్ల సెంటర్‌ని ఇచ్చేసింది. రక్షణలో బుద్ధిమంతుడు, టొరాంటోయే డ్రాఫ్ట్ చేసి పెంచినవాడు. మరుసటి సీజన్‌కల్లా బోస్టన్‌లో క్రమం తప్పకుండా ఆడే సెంటర్ అయ్యాడు. ఒకే రోజు ఒక చేత్తో డెప్త్ సెంటర్‌ని కొని, మరో చేత్తో డెప్త్ సెంటర్‌ని వదులుకోవడం షికాగో దానో విషయంలో చేసిన పనికి చాలా దగ్గరగా ఉంది. 1967 నుంచి కప్పు కోసం ఎదురుచూస్తున్న ఊరిలో మేనేజర్ మీద ఉండే ఒత్తిడి నాకు అర్థమవుతుంది. ఆ ఒత్తిడిని అమ్మేవాళ్లు ధరలో కలుపుతారు.

ఇన్ని ఉదాహరణలు చూశాక నా అభిప్రాయం ఇదీ. మొదటి ఇద్దరు సెంటర్లు గట్టిగా ఉన్న జట్టు మూడో వాణ్ని కొనవచ్చు, కొనాలి కూడా. ఆ బేరాల నాటికి షికాగోకి టేవ్స్ ఉన్నాడు, టాంపాకి బ్రేడెన్ పాయింట్, కొలరాడోకి నేథన్ మెకినన్, ఫ్లోరిడాకి బార్కోవ్ ఉన్నారు. పైన లోటు ఉంటే కింద అతుకు వేసి లాభం లేదు. వేసవికల్లా వెళ్లిపోయే నాలుగో సెంటర్‌కి మూడో నాలుగో రౌండ్ పిక్ దాటకూడదు. మూడో సెంటర్‌కి రెండో రౌండ్ పిక్ న్యాయం. మొదటి రౌండ్ పిక్ ఇవ్వాల్సి వస్తే, చవక జీతంతో ఇంకో ఏడాదైనా ఉండేవాడికే ఇవ్వాలి. ఏ బేరంలోనైనా పిక్ ఇవ్వడం కన్నా సొంత యువ సెంటర్‌ని ఇవ్వడానికి ఎక్కువ భయపడాలి. పిక్ ఒక అవకాశం మాత్రమే, చాలావరకు ఫలించదు. కళ్లముందు ఎనిమిది నిమిషాలు తప్పు చేయకుండా ఆడుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు అప్పటికే సగం ఫలించినవాడు.

ఈ లెక్కలు ఇకముందు ఇంకా కఠినం అవుతాయి. 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లో కూడా జీతాల పరిమితి వర్తిస్తుంది. గాయం పేరుతో ఖరీదైన ఆటగాణ్ని పక్కనపెట్టి ఆ జాగాలో మార్చిలో ఇద్దరు ముగ్గుర్ని కొని, ప్లేఆఫ్స్‌కి అందరినీ దింపే దారి మూసుకుపోయింది. ఒక జట్టు సగం జీతం ఉంచుకున్నాక మరో జట్టు మళ్లీ అలా చేయాలంటే సీజన్‌లో 75 రోజులు ఆగాలి. అంటే ఓరైలీ వచ్చిన తీరులో గడువు రోజున మధ్యవర్తిని పెట్టుకుని పావు జీతానికి ఎవరూ రారు. మరోవైపు క్యాప్ 2026-27లో 10 కోట్ల 40 లక్షలకి, ఆ పై ఏడాది 11 కోట్ల 35 లక్షలకి పెరుగుతుంది. జీతం భారమై ఆటగాణ్ని వదిలించుకోవాల్సిన జట్లు తగ్గుతాయి, అమ్మేవాళ్లు తగ్గుతారు, కొనేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గదు. లాటన్‌కి చెల్లించిన ధరే రేపటి మామూలు ధర కావచ్చు. అప్పుడు మార్చి బేరం కోసం ఎదురుచూసే మేనేజర్ కన్నా, జూన్‌లోనే ఎల్లర్ లాంటివాణ్ని వెతికి తెచ్చి, అక్టోబర్ నుంచే మూడో వరుసలో నిలబెట్టే మేనేజర్‌కే పిక్‌లు మిగులుతాయి.